నాలుగో ప్రశ్నకు జవాబు

మొన్న అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. ఇత్తడి గిన్నెల కోసమనుకోండి. గిన్నెల అడుగున మా స్కూలు వార్షిక సంచిక కనిపించింది. అంతే, గిన్నెలు గిన్నెల్లాగే ఉండిపోయాయి. నేను నేలమీద చతికిలబడి పుటలు తిరగేస్తూ కూర్చున్నాను.

1978 నాటి సంచిక అది. అట్టమీద సరస్వతీదేవి బొమ్మ. మూడు రంగుల ముఖచిత్రమని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నాం గాని, ఇప్పుడెంత వెతికినా రెండే కనిపించాయి.

అప్పుడు నేను పదో తరగతి. కృష్ణాజిల్లాలో ఒక చిన్న టౌను. సంచికలో "మా తోటి విద్యార్థినులు" అనే శీర్షిక నాకప్పగించారు. తెలుగు టీచరుగారు నాలుగు ప్రశ్నలు రాసిచ్చారు. ఏ ఊరు? ఇష్టమైన పాఠ్యాంశమేది? తీరికవేళల్లో ఏం చేస్తారు? పెద్దయ్యాక ఏమవుతారు? మనిషికి నాలుగంటే నాలుగే పంక్తులు. అక్షరం అక్షరం చేత్తో పేర్చే ప్రెస్సాయె. పంక్తి పెరిగితే పేజీ పెరుగుతుంది, పేజీ పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ఫొటో వేయాలంటే బ్లాకు చేయించాలి. అంచేత క్లాసు మొత్తానికి ఒకే ఒక్క గ్రూపు ఫొటో.

నోటుబుక్కు, పెన్ను పట్టుకుని ఇంటర్వెల్లో వేపచెట్టు కింద కూర్చున్నాను. నా దర్జా చూడాలి! నిన్నటిదాకా "ఏమేవ్" అని పిలిచినవాళ్ళే వోణీ సర్దుకుని, గొంతు సవరించుకుని వచ్చేవారు. లెక్కల పీరియడంటే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల "గణితం" అని రాయించుకుంది. పక్కింటివాళ్ళ మామిడిచెట్టు ఖాళీ చేసే పిల్ల తీరికవేళల్లో "పుస్తక పఠనం" చేస్తుందట. ఇక నాలుగో ప్రశ్నకి క్లాసులో సగంమంది డాక్టర్లు, సగంమంది టీచర్లు. ఒక్కతి మాత్రం ధైర్యం చేసి ఎయిర్‌హోస్టెస్ అంది. వాళ్ళ నాన్నగారి కంట పడుతుందని భయమేసి మర్నాడే వచ్చి కొట్టేయించింది.

చివరికి ఒకమ్మాయి మిగిలింది. పేరు చెప్పను. సంక్రాంతి సెలవులయ్యాక మా క్లాసులో చేరింది. వాళ్ళది నాగాయలంక వైపు పల్లె. మేనమామగారింట్లో ఉండి చదువుకునేది. ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు, ఎవరమూ అడగలేదు.

మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపల ఉన్న లంకభూమే దివిసీమ. ఆవేళ తుఫానుతోపాటు సముద్రమే లేచొచ్చింది. ఐదు మీటర్ల ఎత్తున వచ్చిన ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. పూరిళ్ళు సరే, మనుషులు, గొడ్లు, ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. పోయినవాళ్ళు పదివేలకు పైనే. తుఫాను వస్తోందని రేడియో చెప్పకపోలేదు. కాని ఆ పల్లెల్లో రేడియో ఉన్న ఇళ్ళెన్ని? విన్నవాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? చుట్టూ నీళ్ళు, కనుచూపు మేర బల్లపరుపు నేల. తాటిచెట్టో తుమ్మచెట్టో దొరికి, దాన్ని పట్టుకు వేలాడినవాళ్ళే చాలామంది బతికారు.

ఆ తర్వాత రాష్ట్రమంతా కదిలింది. రామారావుగారు, నాగేశ్వరరావుగారు వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. మా అమ్మ కూడా పాత చీరలు మూటగట్టి ఇచ్చింది. నేను నా రెండు లంగాలిచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు వారంరోజులు చెప్పుకున్నాను.

సరే, ఆ అమ్మాయి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మీ ఊరు?" అన్నాను. పేరు చెప్పి, "ఉందని రాస్తావా, ఉండేదని రాస్తావా?" అనడిగింది. నాకేం చెప్పాలో తోచక గబగబా రెండో ప్రశ్నలోకి దూకాను. సోషలన్నది. తీరికవేళల్లో రేడియో వింటానంది. హమ్మయ్య, తోవలో పడ్డామనుకుని "సినిమా పాటలేనా?" అన్నాను. "కాదు, వాతావరణం" అంది.

"పెద్దయ్యాక ఏమవుతావు?"

"మేడ ఉన్న ఇంట్లో ఉంటాను."

"అది ఉద్యోగం కాదు కదే!"

"తెలుసు. మేడమెట్లు మాత్రం వీధి వైపుండాలి. ఎవరైనా ఎక్కేట్టు. మా ఊళ్ళో ఉన్నది ఒక్కటే డాబా. దాని మెట్లు లోపలున్నాయి."

అంతకన్నా ఏమీ చెప్పలేదు. బెల్లు కొడితే లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి లాంతరు ముందు కూర్చుని నేనేం చేశానో చెప్పొద్దూ, ఇప్పటికీ సిగ్గేస్తుంది. టీచరుగారు దిద్దలేదు, ప్రెస్సువాళ్ళు మార్చలేదు. నేనే రాశాను, "పెద్దయ్యాక టీచరు అవుతుంది" అని. అందరి జవాబులతో చక్కగా కలిసిపోయింది. నాలుగు పంక్తుల్లో ఇమిడిపోయింది. సంచిక పంచినరోజు ఆ అమ్మాయి తన పేరున్న పుట తీసి చదువుకుంది. మూసింది. "అచ్చు బాగుంది" అంది. అంతే! పరీక్షలయ్యాక మళ్ళీ నాకు కనబడలేదు.

ఆ తర్వాతి కథ పుస్తకాల్లో ఉంది. దివిసీమ గుణపాఠంతో కోస్తా పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. స్తంభాల మీద లేపిన సిమెంటు కట్టడాలు. మామూలు రోజుల్లో చాలాచోట్ల వాటిల్లోనే బడులు నడిచేవి. 1980ల్లో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరగ్రామాలకు నేరుగా హెచ్చరిక వినిపించే యంత్రాలూ వచ్చాయి. 1990 మే నెలలో మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెనుతుఫాను తీరం దాటింది. ముందే లక్షలాదిమందిని మెరకకు తరలించారు. అప్పుడు పోయినవాళ్ళు వెయ్యికి లోపే. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. కాని పదివేలెక్కడ, వెయ్యెక్కడ!

చాలా ఏళ్ళకు మేం హంసలదీవి స్నానానికి వెళ్తూంటే దారిలో అలాంటి కట్టడమొకటి కనిపించింది. మావారు కారు ఆపి మంచినీళ్ళు తాగుతున్నారు. నేను దానికేసి చూస్తూ నిలబడ్డాను. మెట్లు బయటే ఉన్నాయి. వీధి వైపు. ఎవరైనా ఎక్కేట్టు.

పదిహేనేళ్ళ పిల్ల నాలుగో ప్రశ్నకు చెప్పిన జవాబు అదే కదండీ! పెద్దపెద్ద ఇంజనీర్లు కొలతలేసి తేల్చిన మాట ఆ పిల్ల వేపచెట్టు కింద నాకు చెప్పింది. రాసుకోమని నాకు పెన్నిచ్చి కూర్చోబెట్టారు. నేను "టీచరు" అని రాశాను. దివిసీమ చరిత్ర ఎవరు రాసినా అంకెలు దొరుకుతాయి. ఆ జవాబు మాత్రం నా నోటుబుక్కులోనే ఉండాలి. లేదు.

మీ అటకల మీదా ఇలాంటి సంచికలుండే ఉంటాయి. దింపినప్పుడు డాక్టర్లను, టీచర్లను లెక్కపెట్టి నవ్వుకోండి, తప్పులేదు. కాని ఎవరి జవాబైనా మరీ నున్నగా కనిపిస్తే ఒక్కక్షణం ఆగండి. అసలు ఆవిడేమందో గుర్తు తెచ్చుకోండి.

వంటింట్లోంచి మావారు "గిన్నెలు దొరికాయా?" అని కేకేశారు. వస్తున్నానని, పెన్ను తీసుకుని "టీచరు" మీద గీత కొట్టేశాను. పక్క ఖాళీలో ఆ అమ్మాయి అన్న మాటలు అన్నట్టే రాశాను. నాలుగు పంక్తులు దాటి ఐదోది పడింది. పడితే పడనీ.