మన్నింపు నుంచి తిరస్కారానికి: ప్రాక్సీ సర్వర్ల ఆచార పరిణామం

సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలి హెచ్‌టీటీపీలో, అనగా 1991 నాటి 0.9 రూపంలో, బ్రౌజర్ పంపే అభ్యర్థన ఒకే ఒక పంక్తి. ఏ బ్రౌజర్, ఎంత నిడివి వంటి వివరాలను పేరు, విలువల జంటలుగా తెలిపే హెడర్లు ఆ తరువాత ఈమెయిల్ సంప్రదాయం నుంచి వచ్చి, 1996లో వెలువడిన 1.0 పత్రానికెక్కాయి. అవి సాదా అక్షరాల పంక్తులు కావడంతో, అదనపు ఖాళీలో పొరపాటున రెండుసార్లు రాసిన పేర్లో దొర్లుతూనే ఉండేవి. పంపేవారు నిష్ఠగా ఉండాలని, అందుకొనేవారు ఉదారంగా ఉండాలని 1980లో జాన్ పోస్టెల్ ఇంటర్నెట్ ప్రోటోకాల్ పత్రంలో పొందుపరచిన సూత్రాన్ని అనుసరించి, సర్వర్లు అటువంటి దోషాలను మన్నించేవి.

బ్రౌజరుకూ సర్వరుకూ నడుమ నిలిచి అభ్యర్థనను అందుకొని ముందుకు పంపే ప్రాక్సీ వ్యాపించాక, ఒకే సందేశాన్ని ఇద్దరు చదవవలసి వచ్చింది. నిడివి తెలిపే హెడర్ రెండు వేర్వేరు విలువలతో వచ్చినప్పుడు ప్రాక్సీ ఒకదానిని, సర్వర్ మరొకదానిని నమ్మితే, మొదటి అభ్యర్థన ఎక్కడ ముగిసిందో ఇద్దరికీ పొంతన కుదరక, దాని కడుపులో దాగిన రెండవ అభ్యర్థన కాపలా దాటిపోతుంది. రిక్వెస్ట్ స్మగ్లింగ్ అనే ఈ దాడిని 2005లో వాచ్‌ఫైర్ సంస్థ పరిశోధకులు వివరించారు. 2014లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7230, ఇటువంటి పొంతన లోపానికే దారితీసే మరో దోషాన్ని పట్టించుకొని, హెడర్ పేరుకూ దాని తరువాతి కోలన్‌కూ మధ్య ఖాళీ ఉన్న అభ్యర్థనను, అభ్యర్థన సరిగా లేదని తెలిపే 400 సంకేతంతో తిరస్కరించాలనీ, అదే దోషం జవాబులో కనిపిస్తే ప్రాక్సీ ఆ ఖాళీని తొలగించి పంపాలనీ విధించింది.

2015లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ 2లో విలువ ఎక్కడ ముగుస్తుందో పంక్తి మార్పు కాక, ముందే చెప్పిన నిడివి నిర్ణయిస్తుంది కనుక, విలువలో ఇరికించిన పంక్తి మార్పు అక్కడ మామూలు అక్షరమే. అయితే వెనుకనున్న పాత సర్వర్ కోసం ప్రాక్సీ దానిని, పంక్తి మార్పే హెడర్‌ను ముగించే పాత హెచ్‌టీటీపీ 1.1 రూపంలోకి యథాతథంగా దించితే, ఆ అక్షరమే కొత్త హెడర్‌కు తలుపు తీస్తుంది. అనువాదంలో పుట్టే ఈ ప్రమాదాన్ని 2021లో భద్రతా పరిశోధకుడు జేమ్స్ కెటిల్ విస్తారంగా నిరూపించగా, 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9113 హెడర్ విలువల్లో పంక్తి మార్పులను స్పష్టంగా నిషేధించి, అటువంటి సందేశాన్ని మధ్యవర్తి ముందుకు పంపరాదన్న నియమాన్ని నిలిపింది. చదివేవాడు ఒక్కడైనప్పుడు సహాయమైన మన్నింపు, ఇద్దరైనప్పుడు వారి మధ్య పొరపొచ్చమైంది. ప్రాక్సీ దిద్దుబాటుకు జవాబుల వైపు కొంత చోటు మిగిలినా, అభ్యర్థనల వైపు తిరస్కారమే ధర్మంగా స్థిరపడింది.