సీసాకు సీసా

స్వర్ణోత్సవ సంచికకు మన క్రిస్మస్ కమిటీ చరిత్ర రాయమంటే ముందుగా పాత మినిట్స్ పుస్తకాలు దులిపాను. టెంటు కిరాయి ఉంది. కుర్చీల లెక్క ఉంది. స్టార్ కట్టడానికి నిచ్చెన ఎవరింటి నుంచి తెచ్చారో ఉంది. క్యారల్స్ రాత్రి టీ ఖర్చుంది. డిసెంబరులో అందరూ ఎదురుచూసే ఆ ఒక్క సాయంత్రం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. కార్యదర్శులేమీ మతిమరుపు మనుషులు కారు. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచెయ్యడమే నేరం. అమ్మావా, పక్కింటికి పంపావా అన్నది తర్వాతి సంగతి. తెలంగాణ వచ్చాకా అదే చట్టం కొనసాగింది. అందుకే ఈ వ్యాసంలో పేర్లు ఉండవు, క్వార్టరు నంబర్లు ఉండవు. ఆంటీ అంటే ఏ ఆంటీయో చదివేవాళ్లకు తెలుసు, అది చాలు.

ఇంట్లో వైన్ చేసి ఇరుగుపొరుగుతో సీసాలు మార్చుకునే ఈ అలవాటు మన కమిటీ కనిపెట్టింది కాదు. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగా పుట్టింది. 1874లో వాడి నుంచి రైలు వచ్చింది. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మెన్లుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు క్వార్టర్లలో స్థిరపడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్లలో చాలామంది ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో తరలిపోయారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక గుంటూరు, కృష్ణా, వరంగల్ వైపు నుంచి ఉద్యోగాలకొచ్చిన తెలుగు క్రైస్తవులు, తమిళులు, గోవా వాళ్లు ఆ పక్క వాటాల్లో చేరారు. ప్లం కేకు, కల్‌కల్స్, గులాబీ పువ్వులు ఇటు వస్తే, అరిసెలు, కజ్జికాయలు అటు వెళ్లాయి. ఆ పళ్లేల వెనకే సీసా కూడా వచ్చింది. పక్కింటివాళ్ల పళ్లేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదన్నది మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న మర్యాదే. సీసాకూ అదే చెల్లింది. సీసా తీసుకున్న ఇల్లు మరుసటి క్రిస్మస్‌కి తనదంటూ ఏదో ఒకటి పోసి ఇవ్వాలి. పోయడానికేమీ లేనివాళ్లు నేర్చుకోవాలి. మన కాలనీలో సగం ఇళ్లు వైన్ చెయ్యడం నేర్చుకున్నది ఈ మొహమాటంతోనే.

అసలు చేసే తీరు చెప్పాలంటే ఆంటీ వంటింట్లోకి వెళ్లాల్సిందే. నల్ల ద్రాక్ష ఒక కిలో, పంచదార ఒక కిలో, కాచి చల్లార్చిన నీళ్లు లీటరున్నర. పళ్లు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, తడి లేని పింగాణీ జాడీలో పోసి పప్పుగుత్తితో మెదిపేది. రోట్లో వెయ్యనిచ్చేది కాదు, గింజ నలిగితే చేదొస్తుందని. గోరువెచ్చని నీళ్లలో చెంచా పంచదారతో పొంగించిన బేకరీ ఈస్టు, నాలుగు లవంగాలు, ఒక దాల్చిన చెక్క, గుప్పెడు గోధుమలు. మూతికి గుడ్డ కట్టి, రోజూ పొద్దున చెక్క గరిటెతో ఒకసారి కలిపేది. మూడో రోజుకి తొక్కలన్నీ పైకి తేలి గట్టిగా అట్టకట్టేవి. జాడీకి చెవి ఆనిస్తే లోపల చిటపటలు వినిపించేవి. పిల్లలం వరసలో నిలబడి వినేవాళ్లం. 21 రోజులయ్యాక మల్లు గుడ్డలో వడగట్టి, గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన కలిపి మరో 21 రోజులు కదపకుండా ఉంచేది. తెల్లసొన వగరునిచ్చే పదార్థాలను పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైన తేరు మిగులుతుంది. రంగు చాలకపోతే పంచదార మాడ్చి కలిపేది. గోధుమలు బలానికని అందరూ అనేవాళ్లు. నా లెక్కలో వాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. గోధుమలో ఉన్నది పిండి పదార్థం, ఈస్టు దాన్ని నేరుగా తినలేదు. అయినా గోధుమలు వెయ్యని జాడీని ఆంటీ జాడీ కింద లెక్కేసేది కాదు.

ద్రాక్ష సంగతి వేరే చెప్పాలి. మన హైదరాబాద్ ద్రాక్ష అంటే అనబ్-ఎ-షాహీ. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడికి తెచ్చాడని చెబుతారు. పొడుగాటి, తెల్లని, కండ పట్టిన కాయ. తినడానికి బాగుంటుంది గానీ వైన్‌కి రంగు తొక్కలోంచి రావాలి, దీని తొక్కలో రంగు లేదు. పైగా మార్చి ఎండల్లో కోతకొస్తుంది. జాడీ 35 డిగ్రీలు దాటిందంటే ఈస్టు నీరసపడుతుంది, 40కి దాదాపు చచ్చిపోతుంది. అందుకని దసరా అయ్యాక మోండా మార్కెట్‌కి వెళ్లి బెంగళూరు బ్లూ తెచ్చుకునేవాళ్లు. చిక్కబళ్లాపూర్ వైపు పండే చిన్న నల్ల కాయ, గింజలు, పులుపు, దూరం నుంచే తగిలే ఘాటు వాసన. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరున్న వైన్ కంపెనీలు ఆ వాసనను నక్క వాసన అని ఈసడిస్తాయి. మనకు మాత్రం క్రిస్మస్ అంటే అదే వాసన, ఏం చేస్తాం! నగరం చుట్టూ ఉన్న అనబ్ తోటలు ప్లాట్లయిపోయాయని అందరూ బాధపడతారు గానీ, మన జాడీలకు వాటితో పనెప్పుడూ తక్కువే.

ద్రాక్షతో అందరికీ సరిపడేది కాదు. కాలనీలో బాప్టిస్టు కుటుంబాలున్నాయి, ప్రభురాత్రి భోజన సంస్కారానికి కూడా పులియని ద్రాక్షరసమే వాడేవాళ్లు. వాళ్ల వాటా అల్లం వైన్. అల్లం, నిమ్మరసం, పంచదార, ఎండు మిరపకాయ కాచి వడగట్టినది, మత్తు లేనిది. మార్పిడిలో దాన్ని తక్కువ చేసి చూసినవాళ్లు లేరు. ఒక ద్రాక్ష సీసాకు ఒక అల్లం సీసా, అంతే. డబ్బు చేతులు మారకూడదన్నది ఒక్కటే ఎప్పుడూ సడలని నియమం. ఒకసారి బయటివాడొకడు పెళ్లికి పాతిక సీసాలు కావాలని, మంచి ధర ఇస్తానని వచ్చాడు. పెద్దవాళ్లు గుమ్మంలోంచే పంపేశారు. భయంతో అన్నది నిజమే. కానీ ధర ఒకసారి పెడితే ఏ సీసా ఎంత చేస్తుందో లెక్కలేసుకోవాల్సి వస్తుందని, ఆ లెక్క ఇరుగుపొరుగు మధ్య నిలవదని కూడా వాళ్లకు తెలుసు.

మద్యనిషేధపు రోజులు మనల్ని బాగా ఇబ్బంది పెట్టాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో సడలించేదాకా మన బల్ల మీద అల్లం వైన్, ద్రాక్షరసం తప్ప వేరే లేదు. జాడీలు మంచాల కిందికి చేరాయని అంటారు, నేనైతే చూడలేదు. ఆ గొడవ సారాతో గానీ మన ద్రాక్ష జాడీతో కాదని మగవాళ్లు సర్దిచెప్పుకున్నారు. కానీ జీతం రోజున తాగొచ్చి ఇల్లాలి మీద చెయ్యి చేసుకునేవాళ్లు మన క్వార్టర్లలోనూ ఉన్నారు. ఇంట్లో జాడీయే వద్దని ఆ రోజుల్లో తెగేసి చెప్పి, నిషేధం పోయాకా మళ్లీ ముట్టని ఆడవాళ్లను నేనెరుగుదును. వాళ్లదీ మన చరిత్రే.

నిజానికి అప్పటిదాకా మన వైన్ అంత బాగుండేదేమీ కాదు. ఈ మాటకు కొందరు నొచ్చుకుంటారు. సీసా ఇచ్చినవాళ్ల ముందే తాగి "సూపర్ ఆంటీ" అనడం తప్ప మనమెవరం ఒక్క నిజం చెప్పి ఎరగం. మర్యాద మార్పిడిని బతికించింది, వైన్‌ని మాత్రం ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచింది. దాన్ని కదిలించింది ట్రెయిన్ లైటింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒక అంకుల్. బోగీల కింద బ్యాటరీల్లో యాసిడ్ చిక్కదనం చూడటానికి జీవితమంతా హైడ్రోమీటర్ పట్టుకున్న మనిషి. ఇంగ్లండులో ఉన్న బంధువులు ఆయనకు సి.జె.జె. బెర్రీ రాసిన చిన్న పుస్తకం పంపారు. 1960లో వచ్చిన ఆ పుస్తకం అక్కడ ఇంటి వైన్ చేసేవాళ్లకు పెద్దబాలశిక్ష. బెర్రీ హాంప్‌షైర్‌లోని ఆండోవర్ వాడు. యుద్ధం తర్వాత పంచదార రేషన్ 1953లో ఎత్తేశాక అక్కడ ఊరూరా వైన్ సర్కిళ్లు వెలిశాయి, తొలి సర్కిళ్లలో ఆండోవర్‌ది ఒకటి. 1957లో వాళ్లకొక పత్రిక మొదలైంది, పోటీలున్నాయి, తర్ఫీదు పొందిన జడ్జీలున్నారు. అమ్మనంతవరకు ఇంట్లో చేసుకోవడానికి అక్కడ అడ్డులేదు. అమెరికాలోనూ అంతే, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు పన్ను లేకుండా ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 750 లీటర్లు చేసుకోవచ్చు. అక్కడికెళ్లిన మన పిల్లలు దర్జాగా చేసి ఫొటోలు పెడుతుంటే ఇక్కడ మనం పేర్లు దాచుకుంటున్నాం.

అంకుల్ ముందు లెక్క చేసి చూపించాడు. లీటరులో 17 గ్రాముల పంచదార పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. బేకరీ ఈస్టు పది పన్నెండు శాతం దగ్గర చతికిలపడుతుంది, అంటే లీటరుకు రెండు వందల గ్రాములకు మించి తినలేదు. ఆంటీ కొలత ప్రకారం జాడీలో లీటరుకు దగ్గరదగ్గర నాలుగు వందలుంటుంది. మిగతా రెండు వందలు అలాగే ఉండిపోతుంది, కూల్‌డ్రింక్‌లో ఉండేదానికి ఇంచుమించు రెట్టింపు. పాతవాళ్లు తెలివితక్కువగా అంత పోశారనుకోను. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో, మన ఎండల్లో, సీసా పాడవకుండా ఏడాది నిలవాలంటే ఆ పంచదారే కాపలా. అయితే రుచిలో ద్రాక్ష కనిపించదు, పాకమే కనిపిస్తుంది. ఆయన పంచదార సగానికి తగ్గించి చేశాడు. కొత్త హైడ్రోమీటర్ కొన్నాడు. బ్యాటరీ రూములో వాడింది వైన్‌లో ముంచొద్దని కుర్రాళ్లను ఇప్పటికీ హెచ్చరిస్తుంటాడు.

తర్వాత రుచి చూసే పద్ధతి మార్చాడు. సీసాలన్నిటికీ మెడ దాకా న్యూస్‌పేపర్ చుట్టి అంకెలు వేశాడు. స్టీలు గ్లాసుల్లో రంగు కనిపించదని గాజు గ్లాసులు తెప్పించాడు. పులుపు, వగరు ఉన్నవి ముందు, తీపివి తర్వాత, అల్లం అన్నిటికన్నా చివర, దాని తర్వాత నాలుకకు ఇంకేమీ తెలీదు కాబట్టి. మధ్యమధ్య ఉప్పు బిస్కెట్లు, నీళ్లు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు వాడుకలోకి తెచ్చిన పద్ధతిని అనుసరించి 20 మార్కులు. కాగితం చుట్టేసరికి నోళ్లు లేచాయి. "ఇది సిర్కా." "ఇది దగ్గు మందు." "ఇందులో ఎవరో గుడ్డు సొనలు తేలగొట్టారు." ఆఖరున కాగితాలు విప్పితే ఎన్నో ఏళ్లుగా కాలనీకి దిక్కయిన ఆంటీ సీసా కింద నుంచి రెండోది. ఆమె కేకు డబ్బా తీసుకుని లేచి వెళ్లిపోయింది. కొత్త సంవత్సరం దాకా అంకుల్‌తో మాటల్లేవు.

సంక్రాంతి ముందు ఆమే వెళ్లి అడిగింది, "సిర్కా ఎందుకైంది చెప్పు మరి" అని. కారణం గరిటె. మొదటి వారం కలపడం మంచిదే, తొక్కల అట్ట ఎండిపోకుండా ఉంటుంది. పొంగు తగ్గాక కూడా రోజూ మూత తీసి కలుపుతుంటే గాలి చేరి, ఆల్కహాల్‌ని వెనిగర్ చేసే బ్యాక్టీరియాకు విందు. పైగా సగం ఖాళీ జాడీలోనే మరో 21 రోజులు ఉంచడం. అంకుల్ ఆమెకు మందుల షాపులో దొరికే సెలైన్ గొట్టం ఒకటిచ్చాడు. సీసా బిరడాలో ఒక కొస, నీళ్ల గ్లాసులో ఇంకో కొస. లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది, బయటి గాలి లోపలికి పోదు. పొంగు తగ్గగానే చిన్న సీసాల్లోకి మెడ దాకా నింపమన్నాడు. ఆ మరుసటేడు ఆమె సీసా మూడో స్థానంలో నిలిచింది. అందులోనూ గోధుమలు వేసింది, అంకుల్ ఏమీ అనలేదు.

ఇప్పుడు బల్ల మీద ద్రాక్ష సగమే. నేరేడు రంగులో అందరినీ కొట్టేస్తుంది గానీ వగరు తగ్గడానికి ఏడాది ఆగాలి, మనవాళ్లు ఆగరు. నల్గొండ బత్తాయితో చేసేవాళ్లకు నాదొక మాట. తొక్క కింది తెల్లపొర ఏమాత్రం పడనివ్వకండి, రసం తీసి ఊరికే ఉంచకండి. తియ్యగా ఉన్న రసమే కాసేపాగితే చేదెక్కుతుంది. బీట్‌రూట్‌ది ఎర్రగా మెరుస్తుంది, మట్టి వాసన పోదు. ఇష్టపడేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. పాత క్వార్టర్లు పడగొట్టాక అపార్టుమెంట్లకు వెళ్లినవాళ్లు జాడీలు వదిలి అయిదు లీటర్ల నీళ్ల క్యాన్లలో చేస్తున్నారు. బిరడా బిగించి మరిచిపోవద్దు. లోపల ఒత్తిడి పెరిగి క్యాన్ ఉబ్బిపోతుంది, గాజు సీసా అయితే పేలి ముక్కలు గోడలో దిగుతాయి. అలాంటిది మన కాలనీలో జరిగింది, గోడ మీద మరక వెల్ల వేసినా పోలేదు.

ప్రస్తుతం తెగనిది ఒకటే. పాత కొలత తీపి వైన్‌కి వేరే వరస పెట్టాలని కొందరు, పెడితే అది ముసలివాళ్ల వరస అవుతుందని ఇంకొందరు. మార్కులన్నీ పంచదార తగ్గించినవాళ్లకే పోతున్నాయని ఆంటీ వర్గం ఫిర్యాదు. అది అబద్ధం కాదు. జడ్జీలుగా కూర్చునేవాళ్లలో ఎక్కువమంది అంకుల్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. నా ఓటు వేరే వరసకే. జనవరి మీటింగులో తేలుస్తామన్నారు. మినిట్స్‌లో దాన్ని ఏ పేరుతో రాయాలో కార్యదర్శి ఇంకా ఆలోచిస్తున్నాడు.