మానాలంటే మందు కావాలి

"మనసు గట్టిచేసుకుంటే మానలేరా?" అంటాం. నేనూ అన్నదాన్నే. కాని సోదరీమణులారా, నల్లమందు గాని, దాన్నుంచి పుట్టిన హెరాయిన్ గాని ఒంటికి అలవాటయ్యాక ఒక్కరోజు మానితే చాలు. ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్ళు గగుర్పాటు, కడుపులో మెలితిప్పడం, విరేచనాలు, కంటిమీద కునుకుండదు. ఇది ఒంటి జబ్బే.

అమెరికాలో డాక్టర్ మేరీ నైస్వాండర్ అనే స్త్రీ ఈ సంగతి బాగా గ్రహించారు. లెక్సింగ్టన్ సర్కారు ఆసుపత్రిలో మాన్పించి పంపినవాళ్ళు మళ్ళీ అదే దారి పట్టడం ఆమె కళ్ళారా చూశారు. 1964లో న్యూయార్కులో డాక్టర్ విన్సెంట్ డోల్‌తో కలిసి పనిచేశారు. (తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు లెండి!) ముందు మార్ఫిన్ ఇచ్చిచూశారు. రోగులు మళ్ళీ సూది ఎప్పుడా అని కూర్చునేవారట. మెథడోన్ నోటిద్వారా ఇచ్చేసరికి ఒకరు బొమ్మలు వేయసాగారు, ఒకరు చదువు మొదలెట్టారు. 1965లో 22 మంది రోగుల వివరాలు ప్రకటించారు.

"ఒక మత్తు తీసి ఇంకో మత్తా?" అన్నవాళ్ళూ లేకపోలేదు. మరి చక్కెర జబ్బుకు రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటే తప్పంటామా?

1978లో రక్తపుపోటు మందు క్లోనిడిన్ కూడా ఈ బాధలు తగ్గిస్తుందని తేలింది. మన దేశంలో నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర ముందే ఉంది, 2012లో మెథడోన్ వచ్చింది. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి. ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది. ఇంటికిస్తే పిల్లలకందని బీరువాలో పెట్టి తాళం వేయండి.