జనరల్ సంజాయిషీ

1803 నవంబరు. అనంతపురం మెట్టసీమలో ఒక గుడారం ముందు నిలబడి ఉన్నారు మీరు. ఎదురుగా కొర్ర కోసిన చేను. ఇద్దరు మనుషులు 33 అడుగుల గొలుసు పట్టుకుని ఎర్రనేల కొలుస్తున్నారు. గొలుసు జరిగినప్పుడల్లా దుమ్ము లేస్తోంది. కరణం లెక్క రాసుకుంటున్నాడు. రైతు చూపు మాత్రం గొలుసు కొస మీదే ఉంది. శిస్తు తేలేది ఆ కొలతతోనే మరి.

గుడారంలో ఉన్నది కలెక్టరు, మేజర్ థామస్ మన్రో. నిజాం 1800లో ఈ దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక అనంతపురం మకాంగా పాలిస్తున్నాడు. ఒకప్పుడు హైదర్ మీద, టిప్పు మీద కత్తి పట్టినవాడు. ఇప్పుడు చేతిలో శిస్తు లెక్కలు.

ఇలాంటి గుడారానికే ఒక ఉత్తరం వచ్చింది. నవంబరు 1న రాసినవాడు జనరల్ ఆర్థర్ వెల్లెస్లీ. సెప్టెంబరు 23న అస్సాయే దగ్గర మరాఠా ప్రభువులు సింధియా, నాగపూరు భోంస్లేల సేనల మీద గెలిచాడు. ఆ గెలుపుకు అతని సేనలో చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 1,600 మంది. వాళ్లలో మద్రాసు సిపాయిలు ఎందరో. వేరే దారిన వస్తున్న తనవైపు కర్నల్ స్టీవెన్సన్ సేన వచ్చి కలవకముందే ఎందుకు తలపడ్డట్టు అన్నదే ప్రశ్న.

జనరల్ కారణాలు చెప్పుకొచ్చాడు. దారులు రెండు; సేనంతా ఒకే దారిన పోతే శత్రువు రెండో దారిన జారిపోతాడు. ఎదురుపడ్డాక వెనుదిరిగితే గుర్రపుదళం వెంటపడుతుంది. యుద్ధం గెలిచిన సేనాపతి, శిస్తు వసూలు చేసే కలెక్టరుకు సంజాయిషీ ఇస్తున్నాడు!

28న మన్రో కలం పట్టాడు. యుద్ధం నడిపిన తీరును మనసారా మెచ్చుకున్నాడు. తప్పంటూ ఉంటే తలపడడంలోనే ఉందన్నాడు. సేనను రెండుగా చీల్చడం ప్రమాదమన్నాడు. కీర్తిని తక్కువమందితో పంచుకోవడానికే అలా చేశారేమో అనిపిస్తోందని కూడా రాసేశాడు. అంత మాట పడ్డా వాళ్ల స్నేహం చెడలేదు.

ఇద్దరూ మనల్ని ఏలడానికి వచ్చినవాళ్లే. చేలో రైతునూ, యుద్ధంలో సిపాయినీ ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఈ ఉత్తరాల్లో మనం తీసుకోదగ్గది ఒకటుంది. కత్తికీ కలానికీ మధ్య అనుమానం ఎప్పుడూ ఉండేదే. దాన్ని మింగేస్తే విషమవుతుంది, మొహం మీద అడిగితే విరుగుడు దొరుకుతుంది. యుద్ధకాలంలో ప్రశ్న అడిగినవాణ్ని ద్రోహి అనకండి. అతను అడుగుతున్నది చచ్చిపోయినవాళ్ల తరఫున.