దల్లీ–రాజహరా: భిలాయి కొలిమిని నిలిపిన కొండలు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారానికి ఆరు దశాబ్దాలకు పైగా ఇనుప ఖనిజాన్ని అందించినవి దల్లీ, రాజహరా కొండలు. భిలాయికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, నేటి బాలోద్ జిల్లాలో ఇవి ఉన్నాయి. దేశంలో లక్షలాది ప్రయాణికుల బరువు మోస్తున్న రైలు పట్టాల్లో అధిక భాగం ఒకనాడు ఈ కొండల్లోని రాయే.

కొండ పుట్టుక

ఈ రాతి చరిత్ర వందల కోట్ల సంవత్సరాల నాటిది. నాటి సముద్రగర్భంలో అగ్నిపర్వత ప్రాంతాల వేడినీటి ఊటల ద్వారా ఇనుము నీటిలో కరిగి చేరిందని భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. అది ప్రాణవాయువుతో కలిసి, సిలికాతో పాటు పొరలు పొరలుగా అడుగున పేరుకుంది. కాలక్రమంలో ఆ పొరలు పైకి లేచి కొండలయ్యాయి. వాన నీరు యుగాల తరబడి సిలికాను కడిగివేయగా, ఇనుము మెండుగా గల హెమటైట్ మిగిలింది.

టాటాలు చూసి వదిలిన గని

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ప్రమథనాథ్ బోస్ 1887లో ఈ నిక్షేపాల వివరాలను ప్రకటించారు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో నాగపూర్ మ్యూజియంలోని భూగర్భ పటంలో దుర్గ్ ప్రాంతపు ఇనుప నిక్షేపాల గుర్తులు దోరాబ్జీ టాటా కంటపడ్డాయి. అమెరికా నిపుణుడు సి.ఎం. వెల్డ్‌తో అన్వేషణ సాగింది. ఖనిజం మేలైనదే అయినా, తగిన బొగ్గు, నీరు సమీపంలో లేవు. 1904లో మయూర్‌భంజ్ నిక్షేపాల గురించి అదే బోస్ రాసిన లేఖతో టాటాల దృష్టి తూర్పుకు మళ్లింది. ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో వెలసింది. దల్లీ–రాజహరా మరో అర్ధ శతాబ్దం వేచి ఉంది.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఆ నిరీక్షణకు తెరదించింది. ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో తలపెట్టిన భిలాయి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఇనుము కరిగించడానికి కావలసిన సున్నపురాయి నందిని గని నుంచి, డోలమైట్ హిర్రీ నుంచి వచ్చాయి.

రాయి కొట్టిన చేతులు

కొన్ని గనుల్లో యంత్రాలు పనిచేయగా, మరికొన్నింటిలో వేలాది కాంట్రాక్టు కూలీలు సుత్తి, గునపాలతో రాయి పగలగొట్టి లారీలకు ఎత్తారు. వారిలో ఆదివాసులు, స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఒకే కొండపై శాశ్వత కార్మికునికి, కాంట్రాక్టు కూలీకి మధ్య వేతనంలోనూ, వసతిలోనూ ఉన్న అంతరం 1977లో ఉద్యమమైంది. శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది మరణించారు. వారి స్మృతిగా కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో నిర్మించుకున్న షహీద్ ఆసుపత్రి 1983లో ప్రారంభమైంది. పూర్తి యాంత్రీకరణ వల్ల వేలమందికి పని పోతుందని సంఘం వాదించింది. మనిషి శ్రమకు చోటిచ్చే పాక్షిక యాంత్రీకరణను ప్రతిపాదించింది. నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో హత్యకు గురయ్యారు.

తరిగిన ఖనిజం, తరువాతి కొండ

దశాబ్దాల తవ్వకంతో మేలైన ఖనిజం తరిగిపోయింది. అందుకే బస్తర్ దిశగా ఉన్న రావ్‌ఘాట్ నిక్షేపాలపై భిలాయి ఆధారపడవలసి వస్తోంది. దల్లీ–రాజహరా నుంచి అక్కడికి 95 కిలోమీటర్ల రైలుమార్గం దశలవారీగా అడవిలోకి సాగింది. కర్మాగారానికి అది జీవనాధారం. ఆ కొండను, అడవిని నమ్ముకున్న ఆదివాసీ గ్రామాలకు అది ఉనికి సమస్య. ఖనిజం తరుగుతున్న కొద్దీ దల్లీ–రాజహరా పట్టణానికీ ఉపాధి ప్రశ్న ఎదురవుతోంది. గని తరిగినా మనుగడ సాగించగల పట్టణాన్ని నిర్మించడం ఎలాగన్నది రావ్‌ఘాట్ కంటే ముందే ఇక్కడ తేలవలసిన విషయం.