పరుగుకు కొత్తవారిలో మోకాలి నొప్పి, నివారణ

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు తొలి రెండు మూడు నెలల్లో మోకాలి చిప్ప చుట్టూ గానీ, మోకాలి బయటి పక్కన గానీ, చిప్ప కింద గానీ వచ్చే నొప్పి ఇది. కింద పడితేనో దెబ్బ తగిలితేనో వచ్చేది కాదు. కీలూ, దాన్ని పట్టి ఉంచే కండరాలూ ఓర్చుకోగలిగిన దానికంటే ఎక్కువ పని తక్కువ రోజుల్లో మీద పడితే వస్తుంది. అందుకే దీన్ని చాలావరకు రాకుండా చూసుకోవచ్చు. కడప జిల్లాలో బ్రహ్మంగారిమఠం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పరుగు మొదలుపెట్టేవాళ్లు ప్రధానంగా రెండు రకాలు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారయ్యే యువకులు, యువతులు ఒక రకం. షుగరో బరువో తగ్గించుకోవాలని డాక్టరు చెప్పగా బయలుదేరే నడివయసువాళ్లు రెండో రకం. తొందర ఎక్కువ మొదటివాళ్లకే కాబట్టి ఈ వ్యాసంలో వాళ్ల సంగతే ఎక్కువ.

ఈవెంట్స్ పరుగు

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నియామకాల్లోని దేహదారుఢ్య పరీక్షలను అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అంటారు. వాటిలో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. పురుషులు దాన్ని 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. సివిల్ కానిస్టేబుల్ పోస్టులకైతే 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్‌లలో ఏదో ఒకటి నెగ్గాలి. లాంగ్‌జంప్‌లో పురుషులు 3.80 మీటర్లు, మహిళలు 2.75 మీటర్లు దూకాలి. సైన్యం ఉద్యోగాలకు జరిగే అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తి మార్కులు వస్తాయి.

1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, చుట్టుకు 2 నిమిషాలు, గంటకు 12 కిలోమీటర్ల వేగం. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండేళ్ల మనిషికి మూడు నెలల సాధనతో ఇది అందని వేగమేమీ కాదు. అదే వేగాన్ని మూడు వారాల్లో అందుకోవాలంటే ముందు మోకాలు మొరాయిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. స్నాయువులకూ ఎముకలకూ నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని వేగం పెంచే మూడో వారం నుంచి ఆరో వారం దాకా ప్రమాదం ఎక్కువ.

2022 నవంబరు 28న వెలువడిన 6,100 కానిస్టేబుల్ పోస్టుల ప్రకటన ఇందుకు మంచి ఉదాహరణ. ప్రిలిమినరీ పరీక్ష 2023 జనవరి 22న జరిగింది. మార్చిలో జరగాల్సిన ఈవెంట్స్ వాయిదా పడి, చివరికి 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. ఇన్నాళ్లూ ఎవరూ ఒకే ఊపుతో సాధన చేయలేరు. పొలం పనులకో, హైదరాబాదు, బెంగళూరుల్లో చిన్న ఉద్యోగాలకో వెళ్లి, తేదీ ఖరారైందని తెలిశాక మళ్లీ గ్రౌండుకు వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు పాత వేగం గుర్తుపెట్టుకుని అక్కడి నుంచే మొదలుపెడతారు. మోకాలి లెక్కలో మాత్రం నెలల విరామం తర్వాత తిరిగొచ్చినవాడూ కొత్తవాడే.

కొత్తవాళ్లకు గాయాలు ఎక్కువన్నది లెక్కల్లోనూ తేలింది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2015లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ప్రతి వెయ్యి గంటల పరుగుకు కొత్తవాళ్లలో 17.8 గాయాలు నమోదైతే, అలవాటుగా సరదాకు పరుగెత్తేవాళ్లలో 7.7 మాత్రమే.

మోకాలిలో ఏం జరుగుతుంది

చిప్ప అనేది తొడ ముందు కండరాల స్నాయువులో ఇమిడి ఉండే చిన్న ఎముక. మోకాలు ముడిచి చాచినప్పుడల్లా అది తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతుంది. మోకాలు ఎంత ముడుచుకుంటే చిప్ప ఆ గాడిని అంత గట్టిగా ఒత్తుతుంది. పరుగులో అడుగు నేలను తాకే క్షణాన నేల నుంచి ఎదురొచ్చే బలమే ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. చిప్ప వెనక ఒత్తిడి అంతకంటే ఎక్కువ. 1600 మీటర్ల పరుగులో ఒక్కో మోకాలి మీద ఈ భారం ఇంచుమించు ఆరేడు వందల సార్లు పడుతుంది.

ఈ భారాన్ని పంచుకోవలసింది తొడ, పిరుదు, పిక్క కండరాలు. పిరుదు పక్క కండరం బలహీనంగా ఉంటే అడుగు వేసినప్పుడు నడుము రెండో వైపుకు వాలి, మోకాలు లోపలికి ఒరుగుతుంది. అలసిపోయిన నాలుగో చుట్టులో ఇది పక్క నుంచి చూస్తే కనిపించదు. వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీసి చూస్తే తెలుస్తుంది.

నొప్పి ఎక్కడ?

చిప్ప వెనక, చుట్టూ నొప్పి అన్నిటికంటే సామాన్యం. మెట్లు దిగేటప్పుడు, బస్కీలు తీసేటప్పుడు, బాసింపట్టు వేసుకుని కూర్చుని లేచేటప్పుడు, ప్రొద్దుటూరు నుంచి కడప దాకా ఆర్టీసీ బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చున్నా తెలుస్తుంది. పగలంతా గుంట మగ్గంలో కూర్చుని నేసి సాయంత్రం పరుగుకు వెళ్లే చేనేత కుటుంబాల పిల్లలు ముందు పది నిమిషాలు నడిచి కాళ్లు సడలించుకోవాలి.

మోకాలి బయటి పక్కన నొప్పిది వేరే వరస. మొదటి కిలోమీటరులో ఏమీ ఉండదు. సరిగ్గా ఒక దూరం దాటగానే సూదితో పొడిచినట్టు మొదలై, ఆగి నడిస్తే తగ్గుతుంది, మళ్లీ పరుగెత్తితే వస్తుంది. తుంటి నుంచి మోకాలి కింది దాకా తొడ బయటి పక్కన సాగే దళసరి పట్టీ ఒత్తిడికి గురికావడం దీనికి కారణం. 1975లో జేమ్స్ రెన్ అనే అమెరికా నౌకాదళ వైద్యుడు దీన్ని గుర్తించి వర్ణించినది మెరైన్ శిక్షణార్థుల్లోనే. ఉద్యోగం కోసం, గడువు లోపల, పరుగు తెలియని కుర్రాళ్లను పరుగెత్తించిన చోటే ఇది బయటపడింది.

చిప్ప కింద వేలితో నొక్కితే నొప్పి పుట్టేది స్నాయువుది. లాంగ్‌జంప్ సాధన ఎక్కువైనవాళ్లకు ఇది వస్తుంది. పది నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల్లో అదే చోటికి కొంచెం కింద ఎముక బొడిపె కట్టి నొప్పి చేస్తే అది ఎదిగే వయసు సమస్య. 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ విడివిడిగా వర్ణించారు కాబట్టి వాళ్లిద్దరి పేర్లతోనే పిలుస్తారు. దూకడమూ పరుగూ తగ్గిస్తే చాలు, ఎదుగుదల ముగిశాక అదే సర్దుకుంటుంది.

నేల

ఈ ప్రాంతంలో పరుగుకు సింథటిక్ ట్రాక్ దొరకడం అరుదు. ఉన్న నేలల్లో ఏది మంచిదన్న దానికంటే, ఒకే నేల మీద ఒకే దిక్కున ప్రతిరోజూ పరుగెత్తకపోవడం ముఖ్యం. స్కూలు గ్రౌండులోని చదునైన మట్టి మేలు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి పాదం మడత పడేస్తుంది, వానకు బూటుకు అంటుకుని కాలు బరువెక్కిస్తుంది. పెన్నా ఇసుకలో పరుగు బలాన్నిస్తుందని చెప్పేవాళ్లున్నారు. అది పిక్కలకు మంచి వ్యాయామమే గానీ తొలి నెలలో కాదు. బండలు పరిచిన వీధుల్లో, సిమెంటు రోడ్డు మీద తొలి వారాల పరుగు కొద్దిగా చాలు.

తారు రోడ్డు నడిమి నుంచి అంచుకు వాలుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు పల్లంలోనూ ఒకటి మెరకలోనూ పడి, బయటి పక్క నొప్పికి దారి తీస్తుంది. బ్రహ్మంసాగర్ కట్ట మీద గానీ గండికోటకు ఎక్కే రోడ్డు మీద గానీ సాధన చేసేవాళ్లు ఎక్కేటప్పుడు పరుగెత్తి, దిగేటప్పుడు నడవడం మంచిది. ఆయాసం ఎక్కడంలో ఉంటుంది, మోకాలి మీద బరువు దిగడంలో ఉంటుంది.

వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడి మోకాలిని నేరుగా నొప్పించదు. అలసిన మనిషి అడుగు మాత్రం అదుపు తప్పుతుంది. సూర్యోదయం లోపే ముగించాలి.

సాధన ఎలా సాగాలి

మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామంతో, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు మించనక్కర్లేదు. పరుగు వేగం పక్కవాడితో మాట్లాడగలిగేంతే ఉండాలి. ఆ తర్వాత నడక తగ్గిస్తూ పరుగు పెంచుతూ పోతే, అయిదారు వారాలకు పదిహేను నిమిషాలు ఆగకుండా పరుగెత్తవచ్చు. రెండు నిమిషాల్లో 400 మీటర్ల చుట్లు మొదలుపెట్టేది అప్పుడే, అదీ వారానికి ఒకసారి. లాంగ్‌జంప్, వేగపు చుట్లు ఒకే రోజున పెట్టుకోకూడదు. పొద్దునా సాయంత్రం రెండు పూటలా పరుగెత్తించే శిక్షణ తొలి నెలలో కొత్తవాళ్లకు హాని చేస్తుంది. పగలు చీనీ తోటలోనో అరటి తోటలోనో బరువులు మోసిన రోజు ఆ పనిని కూడా సాధన కింద లెక్కేసుకుని పరుగు తగ్గించుకోవాలి.

వారానికి పది శాతానికి మించి దూరం పెంచవద్దన్న సూత్రం చాలా ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్తవాళ్ల మీద చేసి 2008లో ప్రచురించిన పరీక్షలో, ఆ సూత్రం పాటించినవాళ్లకూ మామూలు పద్ధతివాళ్లకూ గాయాల్లో తేడా రాలేదు. అలాగని ఎంతైనా పెంచవచ్చని కాదు. 2014 నాటి డెన్మార్క్ అధ్యయనంలో రెండు వారాల్లో 30 శాతానికి మించి పెంచినవాళ్లకు చిప్ప నొప్పి, బయటి పక్క నొప్పి వంటివి ఎక్కువయ్యాయి. సూత్రం కంటే, ఒక్కరోజున ఉన్నట్టుండి రెట్టింపు పరుగెత్తకపోవడమే ముఖ్యం. స్నేహితులతో పందెం కట్టిన ఆదివారాల్లో జరిగేది అదే.

అడుగులు చిన్నవి చేసి వేగంగా వేయడం కూడా మోకాలిని కాపాడుతుంది. అమెరికాలో 2011లో ప్రచురించిన ప్రయోగంలో, అదే వేగంలో అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గింది. అరనిమిషంలో కుడి పాదం ఎన్నిసార్లు పడిందో లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి అడుగులు వస్తాయి. అది 160 అయితే 168 నుంచి 176 మధ్యకు తేవాలి. అప్పుడు పాదం ఒంటికి చాలా ముందు పడకుండా, ఇంచుమించు నడుము కింద పడుతుంది.

కండరాలకు జిమ్ అక్కర్లేదు. బడిలో మాస్టార్లు శిక్షగా వేయించిన గోడ కుర్చీ, తొడ కండరానికీ చిప్ప కింది స్నాయువుకూ మంచి వ్యాయామం. వీపు గోడకు ఆనించి అరనిమిషం, తర్వాత ముప్పావు నిమిషం, నాలుగైదు సార్లు వేయాలి. బస్కీలు నెమ్మదిగా, నొప్పి లేనంత లోతుకే తీయాలి. పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి నడుము పైకి లేపడం పిరుదులకు బలం. ఇంటి మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, మోకాలు లోపలికి ఒరగకుండా రెండో కాలి మడమను నేలకు తాకించి రావడం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే పనికొచ్చేది కూడా. వారానికి రెండు మూడు సార్లు చాలు.

అమ్మాయిలకు ఒక మాట. బరువు తగ్గాలని తిండి మానేసి పరుగెత్తితే నెలసరి ఆగిపోవచ్చు. అది ఎముకలు బలహీనపడుతున్న సూచన. దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

బూట్లు, సాగదీత, మాత్రలు

పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఎంచి ఇస్తే గాయాలు తగ్గుతాయేమోనని అమెరికా సైన్యంలో కొత్త సిపాయిల మీద పరీక్షించారు, తగ్గలేదు. బొటనవేలి ముందు కాస్త చోటుండి, వేసుకోగానే హాయిగా ఉన్న బూట్లు చాలు. పరుగుకు ముందు కండరాలను సాగదీసి పట్టి ఉంచడమూ అంతే. ఆస్ట్రేలియాలో 1538 మంది సైనిక శిక్షణార్థులతో చేసి 2000లో ప్రచురించిన పరీక్షలో అది గాయాలను ఆపలేదు. దాని బదులు అయిదు నిమిషాల చురుకైన నడక, నిదానపు పరుగు మేలు.

నొప్పి మాత్ర వేసుకుని, ఇంజెక్షన్ చేయించుకుని గ్రౌండులోకి దిగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. నొప్పి తెలియకపోవడం వల్ల గాయం పెరుగుతుంది. ఎండలో ఒళ్లు నీరు కోల్పోయినప్పుడు ఆ మందులు మూత్రపిండాలనూ దెబ్బతీయగలవు.

అరుగుదల భయం

పరుగెత్తితే మోకాళ్ల గుజ్జు అరిగిపోతుందన్నది ఇళ్లలో పెద్దవాళ్లు వెలిబుచ్చే భయం. అనేక అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం, పోటీ క్రీడాకారుల్లో 13.3 శాతం కనిపించింది. షుగరు కోసం మితంగా పరుగెత్తే నడివయసు మనిషి ఈ విషయంలో బెంగపడనక్కర్లేదు.

నొప్పి వస్తే

పదికి రెండు మూడు మించని నొప్పి, మర్నాటి పొద్దుటికి మామూలైపోయేది అయితే దూరం తగ్గించి కొనసాగించవచ్చు. అంతకు మించితే వారం పది రోజులు పరుగు ఆపి, నడక, సైకిలు, పైన చెప్పిన వ్యాయామాలు చేయాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లడం రాయలసీమలో తరతరాల అలవాటు. ఈ నొప్పిలో సాధారణంగా విరిగిన ఎముక ఉండదు. కట్టు కట్టి కాలు కదలకుండా పెడితే తొడ కండరం ఇంకా బలహీనపడుతుంది.

మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా, బరువు పెడితే జారిపోతున్నట్టున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, ముంగాలి ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించాలి. జిల్లా మొత్తానికి పెద్ద ప్రభుత్వాసుపత్రి కడప రిమ్స్.

ప్రకటన వచ్చాక పరుగు మొదలుపెట్టేవాళ్లకు గడువు ఎప్పుడూ చాలదు. పోలీసు ఉద్యోగం మీద మనసున్నవాళ్లు వారానికి మూడు రోజుల పరుగును ప్రకటన కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.