పందెం మీద పందెం: పోకర్‌లో దూకుడు ఎలా పుట్టింది

19వ శతాబ్దం తొలినాళ్లలో న్యూ ఆర్లియన్స్‌లో ఆడిన పోకర్‌కు ముక్కలు 20 మాత్రమే. నలుగురు కూర్చుని తలా ఐదు పంచుకుంటే పేక అయిపోయేది. కొత్త ముక్క వచ్చే వీలు లేదు. పందేలు ఒక్క విడతతో సరి, బుకాయించాలన్నా ఒక్కసారే. తర్వాత 52 ముక్కల పేక వచ్చింది, ముక్కలు మార్చుకునే డ్రా పోకర్ వచ్చింది, కొన్ని ముక్కలు బయటపెట్టి ఆడే స్టడ్ వచ్చింది. వాటితోపాటే పందెం విడతలూ పెరిగాయి. దూకుడుకు బీజం అక్కడే పడిందని నా నమ్మకం. తెగువ ఉన్న ఆటగాళ్లు మొదటినుంచీ ఉన్నారు, ఆ తెగువకు చోటిచ్చింది మాత్రం ఈ విడతలే.

ఆ చోటు బాగా విశాలమైంది టెక్సస్ హోల్డెమ్‌తో. దాని పుట్టినిల్లు రాబ్స్‌టౌన్ అని టెక్సస్ శాసనసభ 2007లో గుర్తించింది. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. ఫ్లాప్‌లో మూడు, టర్న్‌లో ఒకటి, రివర్‌లో ఒకటి తెరుస్తారు. పందెం నాలుగు విడతలు, నో-లిమిట్ ఆటలో పందేనికి పై హద్దు లేదు. ఫ్లాప్ నాటికి ఇద్దరి మధ్య 100 పోగైందనుకోండి. ఒకరు ప్రతి విడతలోనూ పోగైనంత సొమ్ము కాస్తూ, రెండోవారు వదలకుండా సరిపెడుతూ పోతే ఆ 100 కాస్తా 300, తర్వాత 900, చివరికి 2,700 అవుతుంది. ఫ్లాప్‌లో చిన్న పందేనికి సరే అన్నవాడు రివర్‌లో తొమ్మిదింతల పందేన్ని ఎదుర్కోవాలి. అసలు ఒత్తిడి ఆ రాబోయే పందేలదే.

ఈ దూకుడును పద్ధతిగా రాసిపెట్టినవాడు టెక్సస్‌వాసి డోయల్ బ్రన్సన్. 1976, 1977లలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచి, 1978లో తన ఆట రహస్యాలను పుస్తకంగా వేశాడు. విడవకుండా పందెం కాస్తూ చిన్న మొత్తాలు పోగేసుకుంటే, పెద్ద మొత్తం కోసం తెగించడానికి అవే పెట్టుబడి అవుతాయన్నది అతని వాదన. ముక్కలు ఇంకా కుదరకపోయినా కుదిరే ఆశ ఉండగానే కాసే పందేనికి డేవిడ్ స్క్లాన్‌స్కీ ‘సెమీ-బ్లఫ్’ అని పేరు పెట్టాడు. ఎదుటివాడు వదిలేసినా లాభమే, కావలసిన ముక్క పడినా లాభమే.

2003 వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీ ఫైనల్లో ప్రపంచం చూసింది అదే. టర్న్‌లో శామ్ ఫర్హా పందెం కాస్తే, క్రిస్ మనీమేకర్ దాన్ని పెంచాడు. అప్పటికి అతనికి ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు), స్ట్రెయిట్ (ఐదూ వరుసగా) రెండింటికీ ఒక్కో ముక్కే తక్కువ. రివర్‌లో ఏదీ కుదరలేదు, మిగిలింది రాజు ముక్క ఒక్కటే. అయినా ఉన్న చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. తొమ్మిదుల జత కుదిరిన ఫర్హా ఆలోచించి ఆలోచించి ఆట వదిలేశాడు. టర్న్‌లో పెంచకుండా ఉండి ఉంటే రివర్‌లో ఆ బుకాయింపును నమ్మడం కష్టం.

ఈ దూకుడు యంత్రానికీ అబ్బింది. 2017లో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం 1,20,000 ఆటలు ఆడి, నలుగురు నిపుణులను ఓడించింది. పోగైన సొమ్ముకు ఎన్నో రెట్లు పందెం కాయడానికి అది వెనకాడలేదు. మంచి ముక్కలున్నప్పుడూ, ఏమీ లేనప్పుడూ అలాగే కాసింది.